ఒక లైను ఎక్కువ

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, అలాగని సిగ్గుపడుతూనూ చెప్పడం లేదు. మా అమ్మ పాలు పోయించుకునేటప్పుడు చెంబు వంచి చూసుకున్నట్టు నేను ఎవరేం చెప్పినా ఒకసారి వంచి చూసుకుంటాను. చేసే ఉద్యోగం కూడా దానికి తగినదే దొరికింది. కర్నూలులో టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో, ఆరుగురం పనిచేసే చిన్న కంపెనీ మాది. లారీలను తూచే కాటాలకు కంప్యూటర్ పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. కాటా పళ్ళెం కిందున్న సెన్సార్ల నుంచి బరువు ఒక కేబుల్ గుండా పెట్టెలోకి వస్తుంది. ఆ కేబుల్‌తో మాట్లాడే డ్రైవరు, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోపలే కూర్చుని పనిచేసే ప్రోగ్రాము, నేనూ భూపేష్ అనే నా జూనియరూ కలిసి రాశాం.

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మేం పెట్టిన పెట్టె ఐదు నెలల్లో నాలుగుసార్లు చచ్చింది. చావడమంటే మామూలుగా ఆగిపోవడం కాదు. కెర్నలే పడిపోయి, తెర మీద బరువు ఎక్కడిదక్కడ గడ్డకట్టిపోయింది. మళ్ళీ లేపడానికి ప్రతిసారీ అరగంట పట్టింది. రోడ్డు మీద దాకా లారీలు నిలిచిపోతే కొన్నింటిని తూకం లేకుండానే గేటు దాటించారట. నాలుగుసార్లూ డ్యూటీలో ఉన్నది ఒకే ఆపరేటరు, ప్రేమయ్య.

నేను అక్కడికి వెళ్ళే ముందురోజు ఫ్యాక్టరీ కాటాల ఇన్‌చార్జి వీరభద్ర ఫోన్ చేశాడు.

"శివజ్యోతి మేడమ్, మాకంతా అర్థమైపోయింది. నెలకొకసారి వాడే ఏదో పీకుతాండాడు. లారీలోళ్ళతో కలిసినాడు. మీరొచ్చి పెట్టెలో రికార్డు చూసి, వాడే పీకినాడని ఒక కాగితం రాసియ్యండి సాలు. రేపు సాయంత్రం మా మీటింగు ఉండాది. ఆ కాగితం చేతిలో ఉంటే వాన్ని ఇంటికి పంపించేస్తాం."

నిజం చెప్పాలంటే నాకూ అదే నిజమనిపించింది. పెట్టె చచ్చిన తేదీలు తీసుకుని మధ్య రోజులు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది, ముప్పై, ఇరవై తొమ్మిది. యంత్రం చెడిపోవాలంటే ఎప్పుడైనా చెడిపోతుంది, ఇలా వాయిదాలు చూసుకుని చెడిపోదు. ఇది మనిషి పనే అనుకున్నాను. పైగా ఆ లెక్క ప్రకారం మళ్ళీ చావాల్సింది రేపే. దొంగను చేత్తో పట్టుకోవచ్చన్న హుషారు కూడా కలిగింది నాకు.

పొద్దున ఐదుకు కర్నూలులో బస్సెక్కి, ప్రొద్దుటూరులో మారి, ఫ్యాక్టరీ చేరేసరికి పది దాటింది. కాటా పక్కన చిన్న గది. బల్ల మీద, కిటికీ ఊచల మీద, గోడ క్యాలెండరు మీద సన్నటి సిమెంటు దుమ్ము. ప్రేమయ్యకు యాభై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా, తాడు కట్టిన కళ్ళజోడు. నన్ను చూసి లేచి నిలబడి తన కుర్చీ తుడిచి వేశాడు. మర్యాద ఎక్కువగా చేసేవాళ్ళంటే నాకు మరీ అనుమానం.

చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. పెన్‌డ్రైవేమో అనుకున్నాను. అంత గుండ్రంగా పెన్‌డ్రైవు ఉండదు. చూడనట్టు నటించి పెట్టె వెనక్కి వెళ్ళి కేబుల్ బయటికి తీయకుండానే దాని మొన దగ్గర టార్చి వేశాను. ఇనుప అంచు మీద పసుప్పచ్చటి మరక. దుమ్ము కాదు, పసుపు. కేబుల్‌ను ఎవరో తీశారు, పసుపు చేతులతో తీశారు.

"అన్నా, ఈ కేబులు ఎవరన్నా ముట్టుకున్నారా?"

"లేదు మేడమ్. నేనైతే ముట్టుకోలేదు. దాని దగ్గరికే పోను."

అడగ్గానే అంత గట్టిగా కాదన్నాడంటే అబద్ధమే. ల్యాప్‌టాప్ తగిలించి పెట్టెలో దాచుకున్న లాగ్ తీశాను. కెర్నల్ పడిపోయే ముందు ఏం జరిగిందో పెట్టె అందులో నిమిషాలతో సహా రాసి పెట్టుకుంటుంది. నాలుగుసార్లూ ఒకటే కథ. పొద్దున ఆరున్నర ప్రాంతంలో కేబుల్ ఊడింది. పావుగంట తర్వాత మళ్ళీ తగిలింది. ఆ తర్వాత ఒకసారి పది నిమిషాలకు, ఒకసారి గంటకు కెర్నల్ పడిపోయింది. వీరభద్రకు కావలసిన కాగితానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చాలా కోపం వచ్చింది. ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

"ముట్టుకోలేదంటివే. నాలుగుసార్లూ కేబుల్ పీకినావని ఈడ నిమిషాలతో రాసి ఉండాది. ఎందుకు పీకినావు?"

ప్రేమయ్య తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి ఆ గుండ్రటి వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. నిమ్మకాయ.

"ఈ పొద్దు అమావాస్య మేడమ్," అన్నాడు.

నేను గోడ క్యాలెండరు వైపు తిరిగాను. దుమ్ము కింద నల్లటి సున్నా కనిపించింది. ఇరవై తొమ్మిది, ముప్పై, ఇరవై తొమ్మిది. నందికొట్కూరులో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న ట్రాక్టరుకు అమావాస్య అమావాస్యకు నిమ్మకాయ కట్టిన మనిషి. ఆ లెక్క నాకు తట్టకపోవడమేమిటి? దొంగ లెక్క మాత్రమే తట్టిందంటే తప్పు నా కళ్ళదే.

ప్రేమయ్య మెల్లగా చెప్పాడు. మూడేళ్ళ కిందట కాటా పళ్ళెం మీద లారీ వెనక్కి వస్తుండగా చిమ్మే మనిషి, ఓబన్న అని, చక్రం కింద పడి పోయాడు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ డ్యూటీ ఎవరిదున్నా మార్పించుకుని మరీ వచ్చి, కాటాకూ ఈ గదికీ పసుపునీళ్ళు చల్లి, నిమ్మకాయ కోసి దిష్టి తీస్తున్నాడు. పోయినేడు కర్పూరం వెలిగిస్తే తూకం స్లిప్పుల కట్టకు అంటుకుంది. గదిలో పూజ చేస్తే ఉద్యోగం తీసేస్తామని వీరభద్ర నోటీసు అంటించాడు.

"కర్పూరం మానేసినాను మేడమ్. దిష్టి మానలేకపోయినా. ఈ పొద్దే, మీరొస్తారని ఇంకా తీయలేదు. నీళ్ళు కరెంటు వస్తువు మీద పడకూడదని తీగ పీకి, పెట్టెకు గుడ్డ కప్పి, పని అయినాక తుడిచి మళ్ళా పెడతా. పెట్టినాక తెర మీద అంకెలు బాగానే వస్తాండాయి. అందుకే పెట్టె చచ్చింది నా వల్ల కాదనుకున్న్యా. నా వల్లేనా?"

ఆ ప్రశ్నకు జవాబు అవుననే నా నోటి దాకా వచ్చింది. కానీ అది అబద్ధం. యూఎస్‌బీ కేబుల్‌ను ఎవరైనా ఎప్పుడైనా పీకొచ్చు. పీకినందుకు కెర్నల్ చావకూడదు. పెట్టె మీద మేం అంటించిన సూచనల కాగితంలో కూడా "అవసరమైతే కేబుల్ తీసి పెట్టుకోవచ్చు" అని నేనే రాశాను.

లాగ్‌లో పడిపోయే ముందు వరుసను మళ్ళీ చదివాను. లెక్క సున్నా కిందికి జారిందనీ, మెమరీలో వదిలేసిన జాగాను ఇంకెవరో వాడుతున్నారనీ కెర్నల్ మొత్తుకుంటోంది.

ఆ లెక్క సంగతి చెప్పాలి. కెర్నల్‌లో ఒక వస్తువును ఒకేసారి నలుగురు వాడుకుంటారు. అందుకని ప్రతి వస్తువు మీదా ఒక లెక్క ఉంటుంది. పట్టుకున్నవాళ్ళు ఒకటి కలపాలి, వదిలినవాళ్ళు ఒకటి తీసేయాలి. సున్నా అయిందంటే ఎవరికీ అక్కర్లేదని అర్థం. అప్పుడు కెర్నల్ ఆ జాగా ఖాళీ చేసి వేరే పనికి ఇచ్చేస్తుంది. ఎవరైనా తీసేయడం మరిచిపోతే వస్తువు ఎప్పటికీ పోకుండా జాగా తింటూ కూర్చుంటుంది. అది నష్టమే కానీ చావు కాదు. ఎవరైనా ఒకటి ఎక్కువ తీసేశారా, అసలు ప్రమాదం అక్కడుంది. లోపల ఒకరు నిద్రపోతుండగానే ఇల్లు ఖాళీ అనుకుని ఇంకొకరికి తాళంచెవి ఇచ్చేసినట్టవుతుంది.

మా కాటా వస్తువును ఇద్దరు పట్టుకుంటారు. ఒకటి డ్రైవరు, రెండోది తెర మీద బరువు చూపించే ప్రోగ్రాము. లెక్క రెండు. కేబుల్ ఊడితే డ్రైవరు తనది తీసేస్తుంది. ఒకటి మిగలాలి. తెర ప్రోగ్రాము తన పట్టు వదిలినప్పుడు ఆ ఒకటీ పోయి సున్నా కావాలి. ఇక్కడ ఎవరో ఒకసారి ఎక్కువ తీసేస్తున్నారు.

ఎవరో ఏముంది, భూపేష్ అనుకున్నాను. ప్రేమయ్య మీది అనుమానం అటు జరిగింది, అంతే. తెర ప్రోగ్రాము వదిలేటప్పుడు నడిచే ఫంక్షన్, అంటే డ్రైవరులో ఆ పని చేసే ముక్క, రాసింది వాడే. అది రాసిన వారంలో ఆదోనిలో వాళ్ళ మామ కూతురి పెళ్ళి. మనసంతా అక్కడ పెట్టుకుని ఆదరాబాదరాగా రాశాడని నాకు అప్పుడే అనుమానం. ఆ ఫంక్షన్ తెరిచి అక్షరం అక్షరం చదివాను. పట్టుకున్నది ఒకసారి, వదిలింది ఒకసారి. వంక పెట్టడానికి లేదు.

అప్పుడు నా ఫంక్షన్ తెరిచాను. కేబుల్ ఊడినప్పుడు నడిచేది. డ్రైవరు పట్టును వదిలే లైను ఉంది. దాని కింద, తెర ప్రోగ్రాము ఇంకా పట్టుకుని ఉంటే దాని తరఫున కూడా ఒకటి తీసేసే లైను ఇంకొకటి ఉంది. ఏ లైను ఎవరు రాశారో చూపించమని అడిగితే కంప్యూటర్ నా పేరే చూపించింది. పక్కన నా వ్యాఖ్య: "భూపేష్ ఫంక్షన్ మరిచిపోతే పనికొస్తుంది."

ఆ రోజు నాకు గుర్తుంది. వాడు పెళ్ళికెళ్ళాడు. మరిచిపోయే ఉంటాడని, వాడు వదలాల్సినదాన్ని నేను వదిలేశాను. ఫోన్ చేసి అడగలేదు. వాడి కోడ్ తెరిచి చూడనైనా చూడలేదు. ఆఫీసులో పరీక్షలు చేసేటప్పుడు ముందు తెర ప్రోగ్రాము ఆపి, తర్వాత కేబుల్ తీసేవాళ్ళం. అలా చేస్తే నా లైను నడవనే నడవదు. ప్రోగ్రాము నడుస్తుండగానే కేబుల్ పీకిన మనిషి ప్రేమయ్య ఒక్కడే.

ఆ లైను తీసేసి, మార్చిన కోడ్ భూపేష్‌కు పంపాను. మా ఆఫీసులో ఇద్దరు చూడందే ఏ మార్పూ బయటికి పోకూడదని రూలు. నిమిషం తిరక్కుండానే సరేనని జవాబు వచ్చింది. ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

"నిమిషంలో ఏం చూసినావురా?"

"నువ్వు పంపినావు కదక్కా. కరెక్టే ఉంటాదిలే."

"మొదట ఆ లైను నేను కలిపినప్పుడూ నీకు వచ్చింటాది కదా. నీ మీద వ్యాఖ్య గూడా ఉండె. చూడలేదా?"

"చూసినా. రెండుసార్లు వదులుతాండామేమో అనిపించింది. కానీ నువ్వు రాసినావంటే ఏదో కారణం ఉంటాదనుకున్న్యా. నీకంటే నాకు ఎక్కువ తెల్చునా అక్కా?"

వాడిని నేను నమ్మక ఒక లైను కలిపాను. నన్ను నమ్మి వాడు ఆ లైనును వదిలేశాడు. మా ఇద్దరి మధ్యా పడి ఒక మనిషి ఉద్యోగం పోబోతోంది.

"ఇప్పుడు చూడు. ప్రతి లైనూ చూడు. పట్టుకున్నది ఎన్నిసార్లు, వదిలింది ఎన్నిసార్లు, వేళ్ళు మడిచి లెక్కపెట్టు. నన్ను అనుమానించు," అన్నాను.

ఈసారి నలభై నిమిషాలు పట్టింది వాడికి. ఒక చిన్న తప్పు కూడా పట్టాడు. నా మీద నాకే ఏడుపొచ్చింది.

వీరభద్ర మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చాడు. నేను సూటిగా చెప్పేశాను. "సార్, కేబుల్ పీకింది నిజం. కానీ పెట్టె చచ్చింది దానివల్ల కాదు. డ్రైవరులో నేనొక లైను ఎక్కువ రాశాను. తప్పు నాది."

ఆయన నన్ను చూశాడు, ప్రేమయ్యను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఏమ్మా, ఈయప్ప మీకేమన్నా కావాల్నా? మీ ఊరు సైడా?"

"కాదు సార్."

"పొద్దున పదికి వచ్చినారు. ఇంతసేపు తలుపేసుకుని మాట్లాడుకున్నారు. ఇప్పుడు తప్పు నాది అంటాండారు. ఎవరన్నా ఊరికే తప్పు నెత్తిన ఏసుకుంటారామ్మా?"

నాకు మండింది. కానీ పొద్దున అదే కుర్చీలో కూర్చుని నేను ఆలోచించింది కూడా సరిగ్గా ఇలాగే. ఆయన్ను తిట్టే హక్కు నాకు లేదు.

"నా మాట నమ్మొద్దు సార్. లారీ లేనప్పుడు మీ చేత్తో మీరే పీకండి. పాత డ్రైవరే ఉంది ఇంకా," అన్నాను.

పీకాడు. మళ్ళీ పెట్టాడు. తెర మీద అంకెలు చక్కగా వచ్చాయి. కాటా మీదికి ఒక లారీ ఎక్కింది, బరువు చూపించింది, దిగిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. వీరభద్ర మీసం కింద నవ్వాడు. ఖాళీ చేసిన జాగాను వేరేవాళ్ళు ఎప్పుడు ఆక్రమిస్తారో కెర్నల్‌కే తెలియదు, అందుకే ఒకసారి పది నిమిషాలూ ఒకసారి గంటా పట్టిందని చెబితే ఆయన ఇంకా నవ్వాడు. రెండోసారి పీకమన్నాను. పీకి, పెట్టాడు. ఏం కాలేదు. ప్రేమయ్య గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. పెట్టె చావాలని నేనెప్పుడూ ఇంతగా కోరుకోలేదు.

మూడోసారి పీకి పెట్టాక, తర్వాతి లారీ ముందు చక్రాలు పళ్ళెం మీదికి రాగానే అంకెలు ఆగిపోయాయి. వెనక చక్రాలు కూడా ఎక్కాయి. అంకెలు కదల్లేదు. వీరభద్ర బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. మీటలన్నీ నొక్కాడు. పెట్టె చచ్చింది. ఈసారి పీకింది ప్రేమయ్య కాదు.

నవ్వు పోయింది ఆయన ముఖంలో. "కానీయమ్మా, కొత్తది ఎక్కించు," అన్నాడు.

పెట్టెను లేపి కొత్త డ్రైవరు ఎక్కించేసరికి నాలుగైంది. ఆయనే లెక్కపెట్టి ఇరవైసార్లు పీకాడు. కేబుల్ లేదని తెర మీద వస్తుంది, పెట్టగానే బరువు వస్తుంది. ఈలోపు నేను మీటింగుకు కావలసిన కాగితం రాసి సంతకం పెట్టాను. వీరభద్ర చదువుకుని, నోటీసు సంగతి మాత్రం తానే మాట్లాడతానన్నాడు. దిష్టి తీసుకోవాలంటే గది బయట తీసుకోవాలట. తర్వాత ప్రేమయ్య వైపు తిరిగాడు.

"రాప్పా, నువ్వు గూడా ఒకసారి పీకి చూడు."

ప్రేమయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టుకోను సార్. మళ్ళా నా మీదికి తెస్తారు."

వీరభద్ర దగ్గర కాగితం తీసుకుని ప్రేమయ్య చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, ప్రతి వరుస కిందా వేలు పెట్టుకుంటూ చదివాడు. చివర్లో ఆగాడు.

"ఈ లైను రాసిన శివజ్యోతి ఎవరుమ్మా?"

"నేనేనన్నా."

"నీ పని పోదా?"

"తెలీదు. పొద్దున వచ్చింది మాత్రం మీ పని తీయించనీకే."

"తెల్చు. నా మీద కాగితం రాసేటోళ్ళు వస్తాండారని సారు నిన్ననే చెప్పినాడు."

"తెలిసీ నాకు నిజం చెప్పినారా?"

"నాలుగు నెల్ల నుంచి పీకినావా పీకినావా అని అందరూ అడుగుతాండారు. ఎందుకు పీకినావని నువ్వే అడిగితివి," అన్నాడు ప్రేమయ్య.

నేనది అడిగింది జాలితో కాదు, పట్టుకుందామని అడిగాను. ఆ మాట ఆయనకు చెప్పాలనుకున్నాను. ఆయన కాగితం వీరభద్రకు తిరిగిచ్చి, చేతులు చొక్కాకు తుడుచుకుని, కేబుల్ పీకాడు.